అమ్మానాన్నల దగ్గర ఒక వారం: ఏం చేయాలి, ఏం వదిలేయాలి

వారం సెలవు పెట్టి ఇంటికి వెళ్తే చేతికి దక్కేది ఐదు రోజులే. వచ్చిన రోజు ప్రయాణ బడలికలో, వెళ్ళే రోజు సర్దుకోవడంలో పోతాయి. ఆ ఐదింటిలోంచి స్నేహితులకు ఒకటి, చుట్టాలకు ఒకటి తీసేస్తే అమ్మానాన్నలకు మిగిలేది మూడు. ఈ లెక్క ముందే వేసుకోనివాళ్ళు చివరి రాత్రి "అసలు కూర్చుని మాట్లాడుకున్నదే లేదు" అని బాధపడుతుంటారు.

ఆ మూడు రోజుల్లో ఏం పెట్టుకోవాలన్నదానికి నాకో నియమం ఉంది. ఫోన్లో అయ్యేదైతే అక్కడ చేయను. ఆరోగ్యం మీద క్లాసు పీకడం, అన్నయ్య ఉద్యోగం మీద చర్చ, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదనే పంచాయితీ ఏడాది పొడవునా ఫోన్లో నడుస్తూనే ఉంటాయి. మనిషి పక్కన ఉంటే తప్ప కాని పనులు కొన్ని ఉంటాయి, వాటికే టైమ్ ఇవ్వాలి.

బయల్దేరే ముందు ఫోన్ చేసి "ఏమైనా పనులున్నాయా?" అని అడిగితే "ఏం లేవు, నువ్వు రా చాలు" అంటారు. నమ్మొద్దు. విడివిడిగా అడగండి: ఏ లైటు వెలగట్లేదు, ఏ తలుపు బిగుసుకుపోతోంది, ఫోన్లో ఏది విసిగిస్తోంది? ఇలా అడిగితే మా అమ్మ దగ్గర పావుగంట సరిపడా జాబితా బయటికొస్తుంది. అప్పుడే స్నేహితుల్ని కలిసే రోజు ఏదో, ఆఫీసు పని ఉంటే ఏ టైమ్‌లోనో కూడా చెప్పేయండి. లాప్‌టాప్ తెరవక తప్పకపోతే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని రెండు గంటల్లో ముగించండి. హాల్లో అందరి మధ్యా కూర్చుని "ఊఁ, వింటున్నా" అంటూ టైప్ చేసేకంటే అదే మర్యాద.

మొదటి రోజు ఏమీ ముట్టుకోవద్దు. ఆ ఇంటికి దాని టైమ్ ఉంటుంది, మీరే దానికి సర్దుకోవాలి. వయసు పెరిగేకొద్దీ నిద్ర ముందుకు జరుగుతుంది. త్వరగా నిద్రొస్తుంది, త్వరగా మెలకువొస్తుంది. మా నాన్న మంచి మూడ్‌లో మాట్లాడేది తెల్లవారుజామున, అంటే నేను ముసుగు తన్ని పడుకునే వేళలో. రాత్రి పదింటికి నాకు కబుర్లు గుర్తొచ్చేసరికి ఆయన కుర్చీలోనే జోగుతుంటారు. రోజూ కాకపోయినా రెండు ఉదయాలు అలారం పెట్టుకుని లేవండి.

వంటింట్లో సాయం చేయాలనుకుంటే మొదలూ చివరా ఉన్న పని ఒకటి తీసుకోండి. "గిన్నెలు నేను కడుగుతా" అనండి, కడిగి ఎక్కడివి అక్కడ పెట్టండి. అలమర సర్దిపెట్టే ఉత్సాహం మాత్రం వద్దు. మనం వెళ్ళిపోయాక గరిటె కోసం వెతుక్కునేది అమ్మ.

ఇక మందుల డబ్బా. దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి, వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. డబ్బాతోపాటు దిండు కింద, హ్యాండ్‌బ్యాగులో ఉన్నవన్నీ బల్ల మీద పోయండి. మా నాన్నవి కళ్ళజోడు పెట్టెలో కూడా దొరుకుతాయి. ఇప్పుడు వాడుతున్నవి, డాక్టర్ ఎప్పుడో ఆపేయమన్నవి, గడువు తీరినవి వేరు చేయండి. స్ట్రిప్‌ను కత్తిరించి వాడితే తేదీ ఉన్న ముక్క ముందే పోయి ఉంటుంది, అలాంటివి పక్కన పెట్టేయడమే మేలు. కంపెనీ పెట్టిన పెద్ద పేరు కాకుండా కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. ఒకే మందు రెండు పేర్లతో రెండు స్ట్రిప్పుల్లో ఉండటం మామూలే. జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ చాలా జలుబు మాత్రల్లో కూడా ఉంటుంది. తెలియక రెండూ కలిపి వేసుకుంటారు. అనుమానం వస్తే రాసిపెట్టుకుని డాక్టర్‌ను అడగండి, మీరే ఏదీ ఆపేయకండి. చివరికి ఒక కాగితం మీద మందు పేరు, ఎంత డోసు, ఏ పూట, దేనికోసం అన్నది రాసి, ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. కాగితం నాన్న పర్సులో ఉండాలి.

బీపీ మిషన్ ఉన్న ఇళ్ళలో చాలామంది దాన్ని సరిగ్గా వాడరు. కొలిచే ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రానికి వెళ్ళొచ్చి, ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాకుండా ఒంటి మీదే కట్టాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి, ఆ సమయంలో మాట్లాడకూడదు. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మా ఇంట్లో కష్టమైన భాగం మాట్లాడకుండా ఉండటమే. అంకె వచ్చేలోపే నాన్న దాని మీద వ్యాఖ్యానం మొదలుపెడతారు.

ఒక రాత్రి వాళ్ళ మంచం దగ్గర్నుంచి బాత్‌రూమ్ దాకా లైటు వేయకుండా నడిచి చూడండి. కాలికి తగిలే వైరు, జారే పట్టా, చేతికందని స్విచ్చు మర్నాడే సరిచేయండి. గోడకు పట్టుకునే కడ్డీ పెడదామంటే "నేనేమన్నా ముసలాణ్ణా?" అంటారు. నా మోకాలు నొప్పి అని చెప్పి పెట్టించాను, ఇప్పుడు అందరం పట్టుకుంటున్నాం.

ఫోన్ సంగతికొస్తే, నేర్పేటప్పుడు దాన్ని మీ చేతిలోకి తీసుకోకండి. వాళ్ళ వేలే నొక్కాలి, మీ వేలు నొక్కితే వాళ్ళకు గుర్తుండదు. ముందు అక్షరాల సైజు పెంచించండి. వాట్సాప్‌లో ఆరు అంకెల పిన్‌తో టూ-స్టెప్ వెరిఫికేషన్ (వేరే ఫోన్లో ఖాతా తెరవాలంటే ఆ పిన్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టించి, ఖాతా ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో చూపించే లింక్డ్ డివైసెస్‌లో తెలియని పరికరం ఏమైనా ఉందేమో చూడండి. శుభోదయం బొమ్మలతో నిండిన స్టోరేజీని ఖాళీ చేసేటప్పుడు ప్రతి బొమ్మకూ తమ అనుమతి అడగమంటారు, ఓపిక పట్టండి. ఇప్పుడు మన గొంతును కూడా కంప్యూటర్‌తో పుట్టించవచ్చు కాబట్టి ఒక మాట అనుకోండి. నా గొంతుతో ఎవరైనా ఏడుస్తూ డబ్బడిగితే ఫోన్ పెట్టేసి, నా నంబర్‌కు మీరే తిరిగి చేయండి అని. నేను నిజంగా ఏడుస్తున్నా సరే.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ ఇవ్వాల్సింది పాత ఫోటోలకే. ఫోటోను కాపీ చేయడం ఎప్పుడైనా అవుతుంది, అందులో ఉన్నదెవరో చెప్పగలిగేది వాళ్ళు మాత్రమే. జిగురు అట్ట మీద ప్లాస్టిక్ పొర కప్పి ఉండే ఆల్బమ్‌లు ఉంటే ముందు వాటి పని పట్టండి. ఆ జిగురు ఏళ్ళు గడిచేకొద్దీ ఫోటోకు పట్టేసి పాడుచేస్తుంది. లాగి ఊడదీయొద్దు. మొదట పేజీ మొత్తాన్ని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తర్వాత పళ్ళ సందుల్లో వాడే ఫ్లాస్ దారాన్ని ఫోటో వెనక నుంచి మెల్లగా అటూ ఇటూ జరపండి. రాకపోతే అలాగే వదిలేయండి. స్కానర్ ఉంటే అదే సైజు ప్రింటుకు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) చాలు, చిన్న ఫోటోను పెద్దది చేయాలనుకుంటే 600 పెట్టండి. లేకపోతే కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను ఫోటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి.

ఫోటో వెనక పేర్లు బాల్‌పెన్‌తో రాయకండి. ఒత్తిడికి ముందువైపు గీతలు తేలతాయి, సిరా పక్క ఫోటోకు అంటుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాయాలి. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం మీద పెన్సిల్ పడదు, వాటి వివరాలు విడిగా నంబర్లు వేసి రాసుకోండి. "మామయ్య" అని రాస్తే చాలదు, ఎవరికి మామయ్యో మీ తర్వాతివాళ్ళకు తెలియదు. అసలు పేరు రాయండి.

ఫోటోలు చూస్తున్నప్పుడే ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి, చెప్పే చేయండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట ఉంచి, మొదట తేదీ, మాట్లాడేవారి పేరు చెప్పించండి. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. "మొదటి జీతం దేనికి ఖర్చుపెట్టారు?" అంటే నాన్న ఆగకుండా చెప్పారు. ఇద్దర్నీ కలిపి కూర్చోబెడితే ఒకరి మాట ఒకరు సరిదిద్దుతారు. అది వినడానికి సరదాగానే ఉంటుంది కానీ కథ ముందుకు నడవదు. విడివిడిగా, అరగంట మించకుండా చేయండి. ఫోటోలైనా గొంతులైనా మొత్తం మూడు కాపీలుండాలి, ఫోన్, పెన్‌డ్రైవ్ లాంటి రెండు రకాల చోట్ల ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి.

పిల్లలున్నవాళ్ళు ఒక పూట వాళ్ళను అమ్మానాన్నల దగ్గర వదిలేసి బయటికి వెళ్ళిపోండి. మీరు పక్కన ఉంటే తాతయ్యకు, మనవడికి మధ్య మీరే అనువాదకులవుతారు. తోబుట్టువులతో పాత గొడవ మొదలయ్యేలా ఉంటే లేచి నీళ్ళ బాటిళ్ళు నింపడానికి వెళ్ళండి. నేనూ అన్నయ్యా వంతులేసుకుని మరీ నింపుతాం.

బ్యాగు ముందు రోజు సాయంత్రమే సర్దేయండి. ఆ తర్వాత మిగిలిన పనుల పక్కన పేర్లు రాసి ఇంటి గ్రూపులో పెట్టండి. మా ఇంట్లో డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు అన్నయ్యవి, ఫోటోల కాపీలు నావి, రికార్డింగులు విని పేర్లు రాసిపెట్టడం వదినది. ఫోన్‌లో ఏదైనా ఆగిపోతే వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయించి, అంటే వాళ్ళ ఫోన్ తెర మనకు కనిపించేలా పెట్టించి చెప్పొచ్చు, ఆ సదుపాయం 2023లో వచ్చింది. అయితే దాన్ని సొంత పిల్లలతో తప్ప ఇంకెవరితోనూ ఆన్ చేయొద్దని, బ్యాంకు నుంచి అని చెప్పినా సరే వినొద్దని, బయల్దేరే ముందు ఒకసారి మళ్ళీ చెప్పండి.