పచ్చిక మైదానాలకు బూమ్ స్ప్రేయర్‌ను క్యాలిబ్రేట్ చేయడం ఎలా?

మందు కొట్టిన కొన్నాళ్లకు పచ్చికలో ఒక చార మాడిపోయి, దాని పక్క చారలో కలుపు ఎప్పటిలాగే నిలిచి ఉంటే చాలామంది మందును తిట్టుకుంటారు. తమ స్ప్రేయర్ హెక్టారుకు ఎన్ని లీటర్లు పోస్తోందో తెలుసుకోకుండానే ట్యాంకులో మందు కలిపామన్న సంగతి వారికి తట్టదు. ఆ సంఖ్యను కనుక్కోవడమే క్యాలిబ్రేట్ చేయడం. దానికి ఒక పూట కూడా పట్టదు. సీజను మొదట్లోనూ, నాజిళ్లు (మందు చిమ్మే మూతులు) గాని టైర్లు గాని మార్చిన ప్రతిసారీ ఈ పని చేసి తీరాలి.

కావలసినవి కొన్నే: 50 మీటర్ల టేపు, స్టాప్‌వాచ్, రెండు జెండాలు, ఒక జగ్గు, గ్రాములు చూపే తూకం, చేతి తొడుగులు. ట్యాంకును కడిగి, సగం వరకు మంచినీళ్లు పోయండి. ఫిల్టర్లు శుభ్రం చేయండి. నాజిళ్లన్నీ ఒకే రకం, ఒకే రంగువి కావాలి; రంగు నాజిల్ సైజును చెబుతుంది. పూడుకున్న నాజిల్‌ను పళ్లు తోముకునే మెత్తని బ్రష్‌తోనే శుభ్రం చేయాలి. తీగతో పొడిస్తే రంధ్రం పాడవుతుంది, నోటితో ఊదితే మందు మీ నోట్లోకి పోతుంది. 110 డిగ్రీల కోణంలో చిమ్మే నాజిళ్లు 50 సెంటీమీటర్ల ఎడంతో ఉంటే, బూమ్ (నాజిళ్లను వరుసగా బిగించిన అడ్డ కడ్డీ) ఎత్తు కూడా గడ్డి కొసల నుంచి 50 సెంటీమీటర్లు ఉండాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

అసలు చిక్కంతా వేగం దగ్గరే ఉంది. వాహనం మీటరు చూపే అంకెను దయచేసి నమ్మకండి. చాలా వాహనాల్లో ఆ అంకె చక్రం తిరిగిన లెక్క నుంచే వస్తుంది; టైరులో గాలి తగ్గినా, మెత్తని నేల మీద చక్రం జారినా, వాహనం నిజంగా కదిలిన దూరం ఆ లెక్క కంటే తక్కువే ఉంటుంది. ఫోన్ చూపే వేగం ఇంత నెమ్మది నడకలో నిలకడగా ఉండదు. అందుకే దూరాన్ని టేపుతో, కాలాన్ని గడియారంతో కొలవడం తప్ప నేను వేరే పద్ధతి ఒప్పుకోను.

ఈ కొలతను తారు రోడ్డు మీద తీసేవారిని ఎందరినో చూశాను. మందు కొట్టేది గడ్డి మీద కాబట్టి కొలత కూడా గడ్డి మీదే, వీలైతే అదే మైదానంలో తీయాలి. ట్యాంకు సగం నిండి ఉండాలని చెప్పింది ఇందుకే: నిండు ట్యాంకు బరువుకూ ఖాళీ ట్యాంకు బరువుకూ అది నడిమి లెక్క. జెండాలను సరిగ్గా 50 మీటర్ల దూరంలో పాతండి. మొదటి జెండాకు కనీసం 10 మీటర్ల వెనక నుంచి బయలుదేరితే, జెండా దగ్గరికి వచ్చేసరికి వేగం కుదుటపడుతుంది. జెండా పక్కన ఆగి బయలుదేరితే ఆ కొలత దేనికీ పనికిరాదు. పంపు నడుస్తూ, నాజిళ్లు నీళ్లు చిమ్ముతూ ఉండాలి, ఎందుకంటే చిన్న ఇంజన్ల మీద పంపు భారం పడితే వేగం కొంత తగ్గుతుంది. ఏ గేరులో, ఎన్ని ఇంజన్ చుట్ల (ఆర్‌పీఎం) దగ్గర నడిపారో రాసిపెట్టుకోండి.

ముందు చక్రం మొదటి జెండాను దాటిన క్షణం నుంచి అదే చక్రం రెండో జెండాను దాటేదాకా కాలం తీయాలి. ఒక కొసన నిలబడి 50 మీటర్ల అవతలి జెండాను ఏటవాలుగా చూసి అంచనా వేయకూడదు. అక్కడ ఇంకొకరు నిలబడి చెయ్యి ఎత్తాలి. అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు నడిపి సగటు తీయండి. ఒకే దిశలో తీసిన కొలతల మధ్య ఒక సెకను కంటే ఎక్కువ తేడా వస్తే, నడిపేవారి కాలు నిలకడగా లేదని అర్థం, మళ్లీ మొదలుపెట్టండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్ల లెక్క వస్తుంది. 30 సెకన్లయితే 6 కిలోమీటర్లు, 36 సెకన్లయితే 5. ఆరు అనుకుంటూ ఐదుతో నడిపితే పచ్చిక మీద 20 శాతం మందు ఎక్కువ పడుతుంది.

తర్వాత వాహనాన్ని నిలిపి, అవే ఇంజన్ చుట్ల దగ్గర, నాజిళ్లన్నీ తెరిచి, ప్రెషర్‌ను 3 బార్‌కు సరిచేయండి. ఒక్కో నాజిల్ కింద జగ్గు పెట్టి నిండా 60 సెకన్లు నీళ్లు పట్టి తూచండి. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కాబట్టి జగ్గు గీతలు చూస్తూ తంటాలు పడనక్కర్లేదు. సగటుకు 5 శాతం కంటే దూరంగా ఉన్న నాజిల్‌ను శుభ్రం చేసి మళ్లీ చూడండి. కొత్త నాజిల్‌కు తయారీదారు పట్టికలో ఉన్న అంకె కంటే 10 శాతం ఎక్కువ పోస్తుంటే అది అరిగిపోయినట్టే. అప్పుడు ఆ ఒక్కదాన్ని కాదు, మొత్తం సెట్టును మార్చాలి.

కొందరు కొలిచిన స్థలంలో పిచికారీ చేసి, ట్యాంకును మళ్లీ నింపేటప్పుడు పట్టిన నీళ్లను బట్టి లెక్క వేస్తారు. అది మొత్తాన్ని చెబుతుందే గాని పంపకాన్ని చెప్పదు. ఒక నాజిల్ ఎక్కువ పోసి మరొకటి తక్కువ పోస్తే సగటు చక్కగానే కనిపిస్తుంది, పచ్చిక మాత్రం చారలు తేలుతుంది.

ఇక లెక్క. ఒక నాజిల్ నిమిషానికి పోసే సగటు లీటర్లను 600తో గుణించి, ఆ వచ్చినదాన్ని గంటకు కిలోమీటర్లలో వేగం, మీటర్లలో నాజిళ్ల ఎడం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. గోధుమ రంగు 05 సైజు నాజిల్ 3 బార్ దగ్గర నిమిషానికి సుమారు 2 లీటర్లు పోస్తుంది. 6 కిలోమీటర్ల వేగం, అర మీటరు ఎడం అయితే 1200ను 3తో భాగించగా హెక్టారుకు 400 లీటర్లు.

కావలసిన అంకెకు కొద్ది తేడా ఉంటే ప్రెషర్‌తో సర్దవచ్చు. అయితే ప్రవాహం రెట్టింపు కావాలంటే ప్రెషర్ నాలుగు రెట్లు కావాలి; 3 బార్ నుంచి 4కు పెంచినా ప్రవాహం సుమారు 15 శాతమే పెరుగుతుంది, పైగా బిందువులు సన్నబడి గాలికి కొట్టుకుపోతాయి. తేడా పెద్దదైతే నాజిల్ రంగు మార్చండి. ఏది మార్చినా దానికి సంబంధించిన కొలతను మళ్లీ తీయాలి.

మందు లేబుల్ మీద హెక్టారుకు 2 లీటర్లు అని ఉందనుకుందాం. హెక్టారుకు 400 లీటర్ల చొప్పున 300 లీటర్ల ట్యాంకు ముప్పావు హెక్టారుకు సరిపోతుంది కాబట్టి అందులో కలపవలసింది లీటరున్నర. చివరి ట్యాంకు నిండా కలపకుండా, మిగిలిన స్థలానికి సరిపడా నీళ్లూ మందూ మాత్రమే కలపండి. గేరు, ఇంజన్ చుట్లు, ప్రెషర్, నాజిల్ రంగు, తేదీ ఒక అట్టముక్క మీద రాసి ట్యాంకుకు కట్టేయండి.