యానాం ఒక్కరోజు: ఆటుపోట్లు చూసుకుని బయల్దేరండి

కాకినాడ నుంచి యానాం 30 కిలోమీటర్లు, 216 జాతీయ రహదారి మీదే. బస్సులు, షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. అమలాపురం వైపు నుంచైతే ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటాలి. 2002లో అది తెరిచేదాకా అక్కడ పంటు (మనుషుల్నీ బళ్ళనూ దాటించే పెద్ద పడవ) మీద గోదావరి పాయ గౌతమిని దాటేవారు.

కాకినాడ నుంచి వచ్చే దారిలోనే కోరింగ మడ అడవులు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఏ వేళకు వెళ్ళినా అన్నీ కనిపిస్తాయనుకుంటారు. ఇక్కడి కాలువల్లో నీరు దాదాపు ఆరు గంటలకోసారి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పోటు మీద ఉంటేనే పడవ కదులుతుంది, ఆటుకు కాలువలో బురదే మిగులుతుంది. కానీ చెక్కవంతెన మీద నడిచేవాళ్ళకు ఆటే మేలు: బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచిన తెల్లమడ శ్వాసవేళ్ళు, వాటి మధ్య గెంతే చిన్న చేపలు, ఎర్ర పీతలు అప్పుడే బయటపడతాయి. కాకినాడ ఓడరేవు పేరున పోటు వేళలు ఫోన్‌లో దొరుకుతాయి. కాలువలోకి నీరు రావడానికి ఇంకాస్త ఆలస్యమవుతుందని లెక్క వేసుకోండి. అమావాస్య, పౌర్ణమి వెళ్ళిన రెండు మూడు రోజులు తేడా బాగా తెలుస్తుంది, అష్టమి రోజుల్లో అంతగా ఉండదు. పడవ ఎక్కాలనుకుంటే, పోటు పొద్దున పడితే ముందు కోరింగ, తర్వాత యానాం. మధ్యాహ్నం పడితే వరస తిరగేయండి.

ఊళ్ళో పాండిచ్చేరిలా పసుపు గోడల వీధుల కోసం వెతికితే నిరాశే. ఫ్రెంచివాళ్ళు 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టి, 1727లో వదిలేసి, 1731లో మళ్ళీ వచ్చారు. వాళ్ళ జాడ బాగా కనిపించేది 1846 నాటి కేథలిక్ చర్చిలో. లోపలి అలంకరణ సామగ్రి ఫ్రాన్సు నుంచి తెప్పించిందే. ప్రార్థన లేని వేళ చూసి వెళ్ళండి. మీసాల వెంకన్న గుడి మధ్యాహ్నం మూసేస్తారు, దాన్ని పొద్దునకో సాయంత్రానికో పెట్టుకోవాలి. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధిస్తూ 1929లో శారదా చట్టం వచ్చాక, చుట్టుపక్కల జిల్లాలవాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళకు ఇక్కడికే వచ్చేవారు. ఆ చట్టం ఫ్రెంచి గడ్డ మీద చెల్లదు కదా! 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనకారులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. ఆ ఏడు నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. చట్టబద్ధమైన బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న.

సాయంత్రం నాలుగున్నర దాటాక గోదావరి గట్టుకు చేరండి. బీచ్ అని పిలుస్తారు గానీ అది సముద్రం కాదు, ఏటి ఒడ్డు. అడుగున బురద, పైగా పోటూ ఆటూ తిరిగేటప్పుడు లాగుడు ఉంటుంది. స్నానానికి ఘాట్ మెట్లు దాటి పోవద్దు. జులై నుంచి సెప్టెంబరు దాకా వచ్చేవాళ్ళు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇచ్చే వరద ప్రమాద హెచ్చరిక చూసుకోవాలి. 10 లక్షల క్యూసెక్కులకు మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. రెండోది పడ్డాక ప్రయాణం వాయిదా వేసుకోవడమే తెలివి.

ఆ వరద నెలలే పులస కాలం కూడా. సముద్రంలో ఇలసగా ఉన్న చేప గోదావరి ఎర్రనీటికి (వరద బురదనీటికి) ఎదురీదుతూ వచ్చి పులస అవుతుంది. కాబట్టి ఎర్రనీరు రాకముందే ఎవరైనా పులస అని అమ్మజూపితే నమ్మకండి. సముద్రపు ఇలసనో, ఐసులో ఒడిశా నుంచి వచ్చిన దాన్నో అంటగట్టడం ఇక్కడ మామూలే. వేల రూపాయల బేరం, గట్టు మీద తెలిసినవాళ్ళు పక్కనుంటేనే కొనండి. పులుసు తినాలంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. మట్టిదాకలో సన్నసెగ మీద కాగి, రాత్రంతా ఊరి, మర్నాటికి గానీ ముక్కకు పులుపు పట్టదు. ముల్లు చాలా ఎక్కువ, పిల్లలకు పెట్టేటప్పుడు విడదీసి ఇవ్వాలి.

ఇది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కనుక పెట్రోలు, మద్యం ఆంధ్రా కంటే చవక. పెట్రోలు బండిలో పోయించుకోండి. సీసాలు మాత్రం పొలిమేర దాటించొద్దు, తనిఖీలో దొరికితే కేసు పెడతారు.