తుది తీర్పు మీద బైబిలు స్టడీ నడపడం ఎలా

తుది తీర్పు మీద పాఠం చెడిపోవడానికి కారణం చాలాసార్లు తెలియకపోవడం కాదు, అన్నీ కలిపేయడం. లూకా 16లో ధనవంతుడు, మత్తయి 25లో గొర్రెలూ మేకలూ, 1 కొరింథీయులకు 3లో కాలిపోయే కొయ్యకాలు, ప్రకటన 20లో అగ్నిగుండం. వీటన్నిటినీ ఒకే గంటలో ఒకే బొమ్మగా చూపించేస్తారు. విన్నవాళ్లకు భయం మిగులుతుంది కానీ ఏం చదివారో గుర్తుండదు. నిజానికి ఇవి నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఏ వాక్యభాగం ఏ ప్రశ్నకు జవాబిస్తోందో ముందుగా విడదీసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

నాలుగు వారాలు, వారానికి ఒక గంట పెట్టుకోండి. ఆ గంటలో పదిహేను నిమిషాలు వాక్యం పైకి చదవడానికి, పాతిక నిమిషాలు వివరణకు, మిగతా ఇరవై ప్రశ్నలకు. ప్రశ్నల సమయాన్ని వివరణకు వాడేసుకోవద్దు, ఈ అంశంలో అసలు పాఠం అక్కడే జరుగుతుంది. ఒకే వారంలో ముగించాలంటే మత్తయి 25:31-46 ఒక్కటే తీసుకోండి, మిగతావి ముట్టుకోకండి.

మొదటి వారం: మాటలు విడదీయడం

బోర్డు మీద మూడు గళ్లు గీయండి: మాట, వచనం, కాలం (తీర్పుకు ముందా, తర్వాతా). ఒక్కో మాటనూ అందరితో కలిసి నింపండి.

హెబ్రీలో షియోల్ అంటే చనిపోయినవాళ్లు ఉండే చోటు. మంచివాడూ చెడ్డవాడూ ఇద్దరూ అక్కడికే. యోసేపు చనిపోయాడనుకున్న యాకోబు తాను కూడా అక్కడికే వెళతానంటాడు (ఆది 37:35). గ్రీకులో దానికి సమానమైన మాట హేడెస్. నరకం అని మనం చదివేది మూడో మాట, గెహెన్నా. ఇది కొత్త నిబంధనలో 12 చోట్ల వస్తుంది. అందులో 11 యేసు నోటి నుంచి వచ్చినవి, మిగిలిన ఒక్కటి యాకోబు 3:6. నరకం గురించి ఎక్కువగా మాట్లాడింది పౌలేనని అనుకునేవాళ్లకు ఈ లెక్క చూపిస్తే చాలు. పౌలు పత్రికల్లో గెహెన్నా అనే మాట ఒక్కసారి కూడా లేదు.

పాత తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ప్రకటన 20:13లో "పాతాళ లోకము" అని ఉన్నదీ, వెంటనే 14లో "మృతుల లోకము" అని ఉన్నదీ గ్రీకులో ఒకటే మాట, హేడెస్. రెండు వేర్వేరు చోట్లనుకుని ఎవరైనా పటం గీయడం మొదలుపెట్టకముందే చెప్పేయండి. 14వ వచనంలో ఆ హేడెస్‌నే అగ్నిగుండంలో పడేస్తారు. అంటే హేడెస్ తాత్కాలికం, అగ్నిగుండం చివరిది. ఇది అర్థమైతే లూకా 16 దాని చోట అది కూర్చుంటుంది. ధనవంతుడు బాధపడుతున్నది హేడెస్‌లో. అతని అన్నదమ్ములు అయిదుగురూ ఇంకా భూమి మీద బతికే ఉన్నారు. కాబట్టి అది తుది తీర్పుకు ముందటి సంగతి. తీర్పు తర్వాతి స్థితి చెప్పడానికి ఆ కథను వాడకూడదు.

గెహెన్నా అనే మాట హిన్నోము లోయ పేరు నుంచి వచ్చింది. దాని గురించి చెప్పేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. యెరూషలేము చెత్తంతా అక్కడ రాత్రింబవళ్లు తగలబడుతూ ఉండేదని చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ అలా రాసినవాళ్లలో మనకు తెలిసిన మొదటివాడు దావీదు కిమ్హి అనే యూదు వ్యాఖ్యాత, ఆయన కాలం క్రీ.శ. 1200 ప్రాంతం. బైబిలు చెప్పేది వేరు, అంతకన్నా బరువైనది. హిన్నోము లోయ యెరూషలేముకు దక్షిణాన ఉంది. యూదా రాజులు ఆహాజు, మనష్షే తమ పిల్లల్ని అగ్నికి అర్పించింది అక్కడే (2 దిన 28:3, 33:6). యోషీయా ఆ చోటును అపవిత్రం చేశాడు (2 రాజులు 23:10). అది ఇక "వధలోయ" అవుతుందని యిర్మీయా 7:32 అంటుంది. చెత్తకుప్ప కథ తీసేసి ఈ నాలుగు వచనాలూ చదివించండి.

సంగతుల వరుస కూడా ఈ వారమే చెప్పాలి: మరణం, మధ్యకాలం, క్రీస్తు రాకడ, పునరుత్థానం, తీర్పు, ఆ తర్వాత కొత్త భూమి ఆకాశాలు లేదా రెండవ మరణం (అంటే అగ్నిగుండం). మధ్యకాలానికి లూకా 23:43, ఫిలిప్పీ 1:23 చాలు. పునరుత్థానానికి యోహాను 5:28-29. "చనిపోగానే ఎటు వెళ్లాలో తేలిపోతే మళ్లీ చివర్లో తీర్పెందుకు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. రోమా 2:5 తీయించండి: "దేవుని న్యాయమైన తీర్పు బయలుపరచబడు దినమందు". ఆ రోజున దేవుడు కొత్తగా ఏదీ తెలుసుకోడు. ఆయన న్యాయం అందరి ఎదుటా బయటపడుతుంది, మనిషి శరీరంతో సహా అక్కడ నిలబడతాడు. కతోలిక బోధలో ఈ రెంటినీ విడివిడిగా వ్యక్తిగత తీర్పు, సార్వత్రిక తీర్పు అంటారు.

రెండవ వారం: మత్తయి 25, మెల్లగా

ఈ భాగాన్ని ముగ్గురి చేత చదివించండి. ఒకరు రాజు మాటలు, ఒకరు నీతిమంతుల మాటలు, ఒకరు ఎడమవైపు వాళ్ల మాటలు. ఆకలి, దప్పి, పరదేశి, బట్టల్లేకపోవడం, రోగం, చెరసాల అనే ఆరు పనుల జాబితా నాలుగుసార్లు వస్తుంది. ప్రతిసారీ దాని పొడవు చూడమనండి. నీతిమంతులు ఒక్కో పనీ విడివిడిగా తలుచుకుని "ఎప్పుడు చేశాం" అని అడుగుతారు. ఎడమవైపు వాళ్లు 44వ వచనంలో ఆరింటినీ ఒకే ఊపిరిలో దొర్లించేసి "ఎప్పుడు ఉపచారం చేయలేదు" అంటారు. వివరించనక్కర్లేదు, వింటేనే తేడా తెలుస్తుంది. ఎడమవైపు వాళ్ల మీద మోపిన నేరాల్లో చేసిన పని ఒక్కటీ లేదు, అన్నీ చేయనివే.

తర్వాత 34నూ 41నూ పక్కపక్కన రాయండి. రాజ్యం "లోకము పుట్టినది మొదలుకొని మీకొరకు" సిద్ధపరచబడింది. నిత్యాగ్ని "అపవాదికిని వాని దూతలకును" సిద్ధపరచబడింది. రెండో వాక్యంలో "మీకొరకు" అనే మాట లేదు. ఇక్కడ తొందరపడి సిద్ధాంతం కట్టేయకండి, మాట లేదన్న సంగతి చూపించి ఆగండి.

"మిక్కిలి అల్పులైన ఈ నా సహోదరులు" ఎవరన్నది ఇక్కడ తేల్చుకోవాల్సిన ప్రశ్న. లోకంలో ఉన్న పేదలందరూ అని కొందరు, క్రీస్తు శిష్యులు అని కొందరు. రెండోవాళ్లు మత్తయి 10:40-42, 12:50 చూపిస్తారు, వాళ్ల ఆధారం బలమైనదే. అయితే ఆ వాదాన్ని పక్కవాణ్ణి పట్టించుకోకుండా తప్పించుకోవడానికి వాడితే లూకా 10లోని మంచి సమరయుడు అడ్డొస్తాడు.

46వ వచనంలో "నిత్యశిక్ష", "నిత్య జీవము" రెండిటికీ గ్రీకులో ఒకటే విశేషణం. ఇదొక్కటి చాలా చర్చలకు మూలం, నాలుగో వారానికి దాచుకోండి. తెలుగులో ఒక జాగ్రత్త మాత్రం ఇప్పుడే అవసరం. నిత్యావసరాలు, నిత్యకృత్యం అన్నప్పుడు నిత్యం అంటే రోజూ. ఇక్కడ మాట అర్థం అది కాదని చిన్నపిల్లలున్న గుంపులో తప్పకుండా చెప్పాలి.

మూడవ వారం: క్రియలా, కృపా

నాలుగు వారాల్లో కష్టమైనది ఇదే. విశ్వాసం ద్వారా రక్షణ అని నేర్చుకున్నవాళ్లు "తమ క్రియల చొప్పున" తీర్పు అన్న మాట దగ్గర తడబడతారు. ఆ తడబాటును దాచకండి.

బల్ల మీద ఒక పక్క అయిదారు నోటు పుస్తకాలు దొంతరగా పెట్టండి, దూరంగా ఇంకో పుస్తకం ఒక్కటే పెట్టండి. ప్రకటన 20:12 చదివించండి. గ్రంథాలు విప్పారు, అవి బహువచనం. జీవగ్రంథం అనే "వేరొక గ్రంథము" విప్పారు, అది ఒకటే. క్రియలు ఉన్నది దొంతరలో, పేర్లు ఉన్నది ఒంటరి పుస్తకంలో. ఇప్పుడు 15వ వచనం. అగ్నిగుండంలో పడడానికి అక్కడ చెప్పిన కారణం ఏమిటి? చెడ్డ పనులు ఎక్కువై తక్కెడ ఒరిగిందని కాదు. పేరు జీవగ్రంథంలో కనబడలేదు. క్రియలు తీర్పులో సాక్ష్యంగా నిలుస్తాయి, పేరు ఎక్కించేది మాత్రం కృప. ఎఫెసీ 2:8-9 చదివి అక్కడే ఆగిపోయేవాళ్లు 10వ వచనం కూడా చదివితే ఈ రెండూ ఎలా కలుస్తాయో అర్థమవుతుంది.

అప్పుడు యోహాను 5:24: విశ్వసించేవాడు "తీర్పులోనికి రాక" మరణం నుంచి జీవంలోకి దాటాడు. మరి 2 కొరింథీ 5:10 "మనమందరము క్రీస్తు న్యాయపీఠము ఎదుట" కనబడాలంటోంది కదా? ఈ రెండు వచనాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మొదటిది శిక్షకు సంబంధించిన తీర్పు, రెండోది విశ్వాసి బతుకు లెక్క. న్యాయపీఠానికి గ్రీకు మాట బేమా. దాన్ని బీమా అని పలికితే వినేవాళ్ల మనసు పాలసీల మీదికి పోతుంది, అందుకని న్యాయపీఠం అనే అనండి. కొరింథులో అలాంటి పీఠం నిజంగా ఉంది, దాని రాతికట్టు తవ్వకాల్లో బయటపడింది. క్రీ.శ. 51 ప్రాంతంలో గల్లియో అనే రోమా అధిపతి ఎదుట పౌలును నిలబెట్టింది న్యాయపీఠం దగ్గరే (అపొ. 18:12). పత్రిక అందుకున్నవాళ్లకు అది రోజూ కళ్లెదుట కనబడేది.

1 కొరింథీ 3:10-15లో మంట ఎవరిది అని అడగండి. అక్కడ మాట పౌలు, అపొల్లో లాంటి పనివాళ్ల గురించి. అగ్ని పరీక్షించేది మనిషిని కాదు, వాడు కట్టిన పనిని. పని కాలిపోయినా అతడు "అగ్నిలోనుండి తప్పించుకొన్నట్టు" రక్షింపబడతాడు. ఈ భాగాన్ని నరకానికి వాడడం శుద్ధ తప్పు. కతోలికులు ఉత్తరించు స్థలానికి (చనిపోయాక ఆత్మ శుద్ధి పొందే స్థితికి) దీన్ని ఆధారంగా చూపించడం పాత వాడుక, ప్రొటెస్టెంట్లు ఇది బహుమానం సంగతి అంటారు.

నాలుగవ వారం: సంఘాలు ఎక్కడ విడిపోతాయి

ముందు అందరూ ఒప్పుకునేది చెప్పండి. "సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు" ఆయన వస్తాడన్నది అపొస్తలుల విశ్వాస ప్రమాణంలోనూ 381 నాటి నైసియా ప్రమాణంలోనూ ఉంది. విడిపోయేది ఆ తర్వాతే.

ఎక్కువ సంఘాలు నమ్మేది అంతం లేని శిక్ష. వాళ్ల ఆధారాలు మత్తయి 25:46, ప్రకటన 14:11, 20:10. జీవం నిత్యమైతే శిక్షా నిత్యమే అన్న వాదన ఆగస్టీను నాటిది. రెండో అభిప్రాయం ప్రకారం చెడ్డవాళ్లు చివరికి లేకుండా పోతారు. మత్తయి 10:28లో "నశింపజేయ" అనే మాట, రోమా 6:23, "రెండవ మరణము" వాళ్ల ఆధారాలు. నిత్యమైనది శిక్ష ఫలితమే గానీ బాధ కాదంటారు. సెవెంత్ డే అడ్వెంటిస్టులది ఈ వరస. మూడోది చివరికి అందరూ దేవునితో సమాధానపడతారన్న ఆశ. నిస్సా గ్రెగరీ లాంటి 4వ శతాబ్దపు బిషప్పులో అది కనబడుతుంది, 1 కొరింథీ 15:22-28, కొలస్సీ 1:20 చూపిస్తారు. మీ సంఘం ఏది నమ్ముతుందో దాచకుండా చెప్పండి. మిగతా రెంటినీ వాటిని నమ్మేవాడు విని "అవును, మేం అనేది అదే" అనేలా చెప్పండి. అలా చెప్పలేకపోతే ఆ అభిప్రాయం మీకు ఇంకా అర్థం కానట్టే లెక్క.

ప్రకటన 20లోని వెయ్యేళ్లు అక్షరార్థమా, సూచనా అన్నదానికి అయిదు నిమిషాలు మించి ఇవ్వొద్దు. గంటంతా మింగేస్తుంది.

అగ్ని నిజమైన మంటేనా? మత్తయి 8:12లో బయటి చీకటి, 13:42లో అగ్నిగుండం. మంట ఉన్నచోట చీకటి ఉండదు, కాబట్టి కనీసం ఒకటైనా ఉపమానం. కాల్విన్ కూడా ఆ అగ్నిని అలాగే తీసుకున్నాడు. ఉపమానం అన్నంత మాత్రాన సంగతి తేలికైపోదు, అదీ చెప్పండి.

శిక్ష అందరికీ ఒకేలా ఉంటుందా అంటే లూకా 12:47-48, మత్తయి 11:22. సువార్త వినని వాళ్ల సంగతి అడిగితే రోమా 2:12-16, ఆది 18:25. ఆ వచనాలు ఎంత చెబుతాయో అంతే చెప్పి ఆపండి.

తేదీల జోలికి పోకండి. క్రీస్తు రాకడ తేదీ మీద అమెరికా బోధకుడు విలియం మిల్లర్ వేసిన లెక్కలు నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22 కోసం కాచుకుని కూర్చున్నారు, ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది. ఎవరైనా లెక్క తీస్తే మత్తయి 24:36 చదివించి ముందుకు సాగండి. పిల్లలకు చెప్పేటప్పుడు మంటలతో మొదలుపెట్టవద్దు. అపొ. 17:31తో మొదలుపెట్టండి, న్యాయాధిపతి ఎవరో ముందు తెలియాలి. మంటలతో మొదలుపెడితే ఆ రాత్రికి నిద్ర పోతుంది, వారం తిరిగేసరికి పాఠమూ పోతుంది.

చివరి వారం చదవడం ప్రకటన 20:15 దగ్గర ఆపకండి. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, యోహాను అక్కడ ఆగలేదు. 21:1 నుంచి 8 వరకు ఒకే ఊపులో చదివించండి, ఎనిమిదో వచనం బరువు కూడా అందులోనే ఉంది.

క్లాసు అయ్యాక ఇంకో ఇరవై నిమిషాలు అక్కడే ఉండేలా చూసుకోండి. విశ్వాసం లేకుండా చనిపోయిన తండ్రి గురించో తమ్ముడి గురించో ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. అందరి ముందూ అడగరు. వాళ్లకు బోర్డు మీద గీసిన పట్టిక చూపించకండి. ఆ మనిషి పేరు అడగండి, చెప్పేది పూర్తిగా వినండి. ఫలానా చోట ఉన్నాడని గానీ లేడని గానీ తీర్పు చెప్పే పని మీది కాదని నెమ్మదిగా చెప్పి, ఆది 18:25 ఒక్కటి చదివి, వాళ్లతో కలిసి ప్రార్థన చేయండి.