పాత కన్సోళ్లలో ఫైటింగ్ గేమ్‌ల కోసం కంట్రోలర్, ఆర్కేడ్ స్టిక్ ఎంచుకోవడం ఎలా

పాత కన్సోల్‌లో ఫైటింగ్ గేమ్ ఆడదలచినవారు సాధారణంగా ప్యాడ్ (చేతుల్లో పట్టుకునే మామూలు కంట్రోలర్) మంచిదా, స్టిక్ (పెట్టె మీద మీట, పెద్ద బటన్లు ఉండే కంట్రోలర్) మంచిదా అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఆడబోయే ఆటకు ఎన్ని బటన్లు కావాలి, అవన్నీ ఆ కన్సోల్‌తో వచ్చిన ప్యాడ్ మీద వేళ్లకు ఇబ్బంది లేకుండా అందుతాయా? వర్చువా ఫైటర్‌కు గార్డ్, పంచ్, కిక్ అనే మూడు బటన్లు చాలు. టెక్కెన్‌లో రెండు చేతులకూ రెండు కాళ్లకూ ఒక్కొక్కటి చొప్పున నాలుగు ఉంటాయి. కింగ్ ఆఫ్ ఫైటర్స్‌కూ నాలుగే. మోర్టల్ కాంబాట్‌లో బ్లాక్‌కు ప్రత్యేకంగా ఒక బటన్ ఉండడంతో ఐదు అయ్యాయి, మూడో భాగంలో పరుగు బటన్ చేరి ఆరు అయ్యాయి. 1991లో ఆర్కేడ్లలోకి (నాణెం వేసి ఆడే గేమ్ కేంద్రాల్లోకి) వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 మూడు స్థాయుల పంచ్‌లు, మూడు స్థాయుల కిక్‌లు కలిపి మొదటి నుంచీ ఆరు బటన్ల ఆట. మూడు, నాలుగు బటన్ల ఆటలకు దాదాపు ఏ ప్యాడ్ అయినా సరిపోతుంది. చిక్కంతా ఆరు బటన్ల ఆటలతోనే.

సెగా సంస్థ కన్సోల్ మెగా డ్రైవ్ దీనికి మంచి ఉదాహరణ. 1988లో జపాన్‌లో విడుదలైనప్పుడు దాని ప్యాడ్‌కు స్టార్ట్ కాక మూడు బటన్లే ఉండేవి. అలాంటి ప్యాడ్‌తో స్ట్రీట్ ఫైటర్ 2 ఆడితే, పంచ్‌ల నుంచి కిక్‌లకు మారడానికి ప్రతిసారీ స్టార్ట్ నొక్కవలసి వస్తుంది. ఇది ఆడడానికి వీలు కల్పించే ఏర్పాటే తప్ప సరిగ్గా ఆడనిచ్చే ఏర్పాటు కాదు. 1993లో సెగా తెచ్చిన ఆరు బటన్ల ప్యాడ్ ఈ కొరత తీర్చింది కాబట్టి, మెగా డ్రైవ్‌లో ఈ రకం ఆటలు ఆడేవారు కొనవలసిన మొదటి వస్తువు అదే. కొన్ని పాత ఆటలు ఆ ప్యాడ్‌ను చూసి తికమకపడతాయి. అప్పుడు మోడ్ బటన్‌ను పట్టుకుని కన్సోల్‌ను ఆన్ చేస్తే అది మూడు బటన్ల ప్యాడ్‌లా నడుచుకుంటుంది. పీసీ ఇంజిన్ అనే కన్సోల్ కథా దాదాపు ఇంతే: దాని మామూలు ప్యాడ్‌కు దెబ్బల కోసం రెండు బటన్లే ఉన్నందున, స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చినప్పుడు అవెన్యూ ప్యాడ్ 6 అనే ఆరు బటన్ల ప్యాడ్‌ను తేవలసి వచ్చింది.

సూపర్ నింటెండో ప్యాడ్‌కు మొదటి నుంచీ ఆరు బటన్లు ఉన్నా, వాటిలో రెండు ప్యాడ్ భుజాల మీద, అంటే పై అంచున ఉంటాయి. స్ట్రీట్ ఫైటర్ 2లో బలమైన పంచ్, బలమైన కిక్ ఆ భుజాల బటన్లకే వెళ్తాయి. కొందరికి ఇది వెంటనే అలవాటవుతుంది, కొందరికి ఏళ్లు గడిచినా పడదు. నా ఉద్దేశంలో, ఆటలో మీరు ఎక్కువగా వాడే దెబ్బలను ఆప్షన్స్‌లోకి వెళ్లి ముందు వైపు బటన్లకు మార్చుకోవడం కొత్త కంట్రోలర్ కొనడం కంటే ముందు చేయవలసిన పని.

ప్యాడ్‌తోనే ఆడాలనుకునేవారికి సెగా సాటర్న్ అంత అనువైన పాత కన్సోల్ మరొకటి లేదని నేను నిస్సంకోచంగా చెప్పగలను. దాని ప్యాడ్ మీద ఆరు బటన్లు రెండు వరుసలుగా, పై వరుసలో పంచ్‌లు, కింది వరుసలో కిక్‌లు అమరేలా ఉంటాయి; గుండ్రటి పళ్లెం మీద కూర్చున్న డీ-ప్యాడ్ (దిశలను నొక్కే కూడిక గుర్తు ఆకారపు బటన్) వేలిని పట్టుకోకుండా తిరుగుతుంది. అయితే జపాన్ బయట మొదట అమ్మినది వేరే ఆకారం: పెద్దది, బరువుగా కనిపించేది, డీ-ప్యాడ్ అంత సాఫీగా లేనిది. తరువాత జపాన్ ఆకారాన్నే అన్నిచోట్లా ఇచ్చారు. కొనేటప్పుడు ఆ చిన్న ఆకారాన్నే అడగాలి. ఇదే అమరికతో ప్లేస్టేషన్ 2 కోసం కూడా ప్యాడ్‌లు వచ్చాయి కనుక, సోనీ ప్యాడ్ నచ్చనివారు వాటిని వెతకవచ్చు.

సోనీ ప్యాడ్‌లో డీ-ప్యాడ్ నాలుగు విడి బటన్లలా పైకి కనిపిస్తుంది. లోపల అంతా ఒకటే ముక్క. ఏటవాలు దిశల దగ్గర వేలికి తగిలేది ఏమీ లేదు కాబట్టి అర్ధవృత్తాలు తిప్పేటప్పుడు బొటనవేలి చర్మం అంచులకు రాసుకుంటుంది. నా ఎడమ బొటనవేలి మీద కాయ కాసింది ఆ ప్యాడ్ పుణ్యమే. టెక్కెన్ వంటి ఆటలకు మాత్రం దాని నాలుగు బటన్ల అమరిక అతికినట్టు సరిపోతుంది.

సెగా డ్రీమ్‌క్యాస్ట్ దగ్గర నా సలహా సూటిగా ఉంటుంది: దాని మామూలు ప్యాడ్‌తో ఆరు బటన్ల ఆట ఆడవద్దు. ముందు వైపు నాలుగు బటన్లే ఉన్నాయి. మిగిలిన రెండు పనులు వెనుక వైపు ఉండి లోతుగా నొక్కవలసిన ట్రిగ్గర్లకు పోతాయి. డీ-ప్యాడ్ గట్టిగా, అంచులు పదునుగా ఉంటుంది. ఈ కన్సోల్ కోసం ఆస్కీ సంస్థ చేసిన ఆరు బటన్ల ప్యాడ్ గానీ, సెగా జపాన్‌లో అమ్మిన, ఉత్తర అమెరికాలో ఎజెటెక్ పేరుతో వచ్చిన ఆర్కేడ్ స్టిక్ గానీ తీసుకోవడం మేలు.

నియో జియో ఇంకో దారిలో నడిచింది. 1990లో వచ్చిన ఇంటి కన్సోల్‌కు పెట్టెలో ఇచ్చినదే నాలుగు బటన్ల పెద్ద స్టిక్. తరువాత నియో జియో సీడీ అనే కన్సోల్‌తో వచ్చిన చిన్న ప్యాడ్ మీద డీ-ప్యాడ్‌కు బదులు టిక్కుటిక్కుమనే మైక్రోస్విచ్‌ల మీద నడిచే చిన్న మీట ఉంటుంది. దాని ప్లగ్ 1990 నాటి కార్ట్రిడ్జ్ కన్సోల్‌కూ సరిపోతుంది. వృత్తాకార కదలికలకు అంత చక్కగా ఒదిగే చేతి ప్యాడ్ అరుదు.

ప్యాడ్ ఏదైనా, డీ-ప్యాడ్ నాణ్యతను ఆడించి చూసే తేల్చుకోవాలి. పాత ఆటల్లో చాలావాటికి ఏ దిశ నొక్కారో తెరమీద చూపే సౌకర్యం లేనందున, ఈ మూడు పరీక్షలు చేస్తాను. కింద నుంచి ముందుకు పావు వృత్తం తిప్పి పంచ్ నొక్కే దెబ్బను కుడి వైపు నిలబడి ఇరవై సార్లు, ఎడమ వైపు నిలబడి ఇరవై సార్లు వేసి, ఎన్ని తప్పాయో రాసుకోవాలి. తరువాత కింద-వెనుక మూలను నొక్కి పట్టి, బొటనవేలిని కొద్దిగా అటూ ఇటూ ఊపాలి. కూర్చున్న పాత్ర లేచి నిలబడితే ఏటవాలు దిశ జారిపోతోందన్న మాట. చివరగా ముందుకు నొక్కి నడిపిస్తూ ఉండగా పాత్ర దానంతట అది గెంతితే, మధ్యలోని కీలు అరిగిపోయి ప్యాడ్ పైకి ఒరుగుతోందని అనుకోవాలి. తప్పులు ఎక్కువగా కనిపించినా వెంటనే పారేయనవసరం లేదు: మరలు విప్పి, బోర్డు మీది నల్లటి స్పర్శ భాగాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అరిగిన వాహక రబ్బరు ముక్కలను మార్చితే చాలా ప్యాడ్‌లు మళ్లీ కోలుకుంటాయి.

ఇక స్టిక్. పూర్తి వృత్తం తిప్పే కుస్తీ పాత్రలను ఆడేవారికీ, మూడు పంచ్‌లను ఒకేసారి నొక్కవలసిన ఆటలకూ, బొటనవేలు నొప్పి పెట్టేవారికీ ఇది నిజంగా ఉపయోగపడుతుంది. మీట విషయంలో ఎక్కువగా వినిపించే పేర్లు జపాన్‌కు చెందిన సాన్వా, సెయ్‌మిత్సు. సాన్వా జేఎల్‌ఎఫ్ తేలికగా, వదులుగా కదులుతుంది. సెయ్‌మిత్సు ఎల్‌ఎస్-32 కొంచెం బిగువుగా, తక్కువ దూరంలోనే స్విచ్‌ను తాకుతుంది. కొరియా మీటల్లో స్ప్రింగ్‌కు బదులు రబ్బరు ఉండి, అది మీటను మధ్యకు లాగుతుంది, చుట్టూ గుండ్రటి గేట్ ఉంటుంది. టెక్కెన్‌లో వెనక్కి వేగంగా జరుగుతూ ఆడేవారు వీటిని ఇష్టపడతారు. గేట్ అంటే మీట ఎంత దూరం వెళ్లగలదో నిర్ణయించే కింది పలక. చతురస్రపు గేట్‌లో నాలుగు మూలలే ఏటవాలు దిశలు కాబట్టి కింద-వెనుక పట్టి ఉంచే పాత్రలకు అది హాయి. ఎనిమిది మూలల గేట్‌లో ప్రతి దిశకూ ఒక గాడి దొరుకుతుంది. కొత్తవారు చతురస్రం మూలలకు మీటను గట్టిగా కొట్టి, గేట్‌ను నిందిస్తారు. స్విచ్ మోగేంత మేరకే కదిపితే గేట్ ఆకారం పెద్దగా అడ్డురాదు.

వాడిన స్టిక్ కొంటుంటే అడుగు పలక విప్పి చూడనివ్వమని అడగండి. దెబ్బల బటన్లు 30 మిల్లీమీటర్ల రంధ్రాల్లో కూర్చుని, ఊడదీసి మార్చుకోగలిగేవి అయితే పెట్టె పాతదైనా భయం లేదు. బటన్లు నేరుగా బోర్డుకు అతికిన, లోపల ప్యాడ్‌లోని రబ్బరునే వాడిన చౌక స్టిక్‌లు పెట్టె ఎంత అందంగా ఉన్నా ప్యాడ్‌కంటే మెరుగైనవి కావు. బరువు కూడా చూడాలి; ఒడిలో జారే స్టిక్‌తో ఎంత మంచి మీట ఉన్నా ప్రయోజనం లేదు.

మీట లేకుండా దిశలకు కూడా బటన్లే ఉండే కంట్రోలర్లను పాత కన్సోల్‌కు కలిపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మామూలు ప్యాడ్‌తో కుడి, ఎడమ ఒకేసారి నొక్కడం కుదరదు కాబట్టి, పాత ఆటలను రాసినవారు ఆ పరిస్థితిని ఊహించలేదు. అలా నొక్కితే ఆట వింతగా ప్రవర్తించవచ్చు. రెండూ కలిసినప్పుడు మధ్యస్థ స్థితిని పంపే ఏర్పాటు ఉన్నదే తీసుకోవాలి.

వేరే కన్సోల్ కంట్రోలర్‌ను కలిపే కన్వర్టర్లు, వైర్‌లెస్ రిసీవర్లు కొంత ఆలస్యాన్ని చేర్చవచ్చు. సెకనుకు 60 ఫ్రేములు (తెర మీది చిత్రాలు) నడిచే ఆటలో ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు, కొన్ని కాంబోలకు (వరుసగా తగిలే దెబ్బలకు) ఒకటి రెండు ఫ్రేముల వ్యవధే ఉంటుంది. అందుకే కన్సోల్ ప్లగ్‌కే నేరుగా తగిలే తీగ కంట్రోలర్‌ను ఎంచుకుంటాను. అయితే పాత కన్సోల్‌ను కొత్త ఫ్లాట్ టీవీకి కలిపినవారు ముందు టీవీని గేమ్ మోడ్‌లో పెట్టి చూడాలి. చాలాసార్లు ఆలస్యం అక్కడిదే అయి ఉంటుంది.

ప్యాడ్ నుంచి స్టిక్‌కు మారిన తొలి వారాల్లో ఆట తప్పకుండా దిగజారుతుంది. పైన చెప్పిన ఇరవై దెబ్బల పరీక్షను వారానికోసారి రెండు వైపులా చేసి అంకెలు రాసుకుంటూ, నెల తిరిగినా ఒక వైపు మాత్రమే వెనకబడి ఉంటే మీటను పట్టుకునే తీరునో గేట్‌నో మార్చి చూడండి. రెండు వైపులా వెనకబడే ఉంటే పాత ప్యాడ్‌ను మళ్లీ తగిలించుకోండి.