ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే టేపు మర్చిపోకండి

మా బరంపురం తెలుగువాళ్లలో వైజాగ్‌లో ఫ్లాట్ కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. పొద్దున రైలెక్కి వెళ్లి, మోడల్ ఫ్లాట్ చూసి మురిసిపోయి, సాయంత్రానికి అడ్వాన్సు ఇచ్చేసి రాకండి. సంచిలో ఒక కొలత టేపు వేసుకెళ్లండి.

బ్రోచర్‌లో 1,200 చదరపు అడుగులని ఉంటే అది చాలాసార్లు సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో మీ వాటా కూడా అందులోనే కలుపుతారు. మీరు అడగాల్సింది కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల మీరు వాడుకునే నేల. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఇంటి లోపలి గోడలు అందులోకి వస్తాయి. బయటి గోడలు, బాల్కనీ రావు. మొత్తం ధరను కార్పెట్ ఏరియాతో భాగించి చూడండి, అడుగుకి అసలు రేటు అప్పుడు తెలుస్తుంది.

మా చెల్లెలి బెడ్‌రూమ్‌లో మంచం వేశాక బీరువా తలుపు సగమే తెరుచుకుంటోంది. మోడల్ ఫ్లాట్‌లో వేసింది పొట్టి మంచమట!

రిజిస్టర్ చేసిన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డర్‌కు లేదు. కడుతుండగా కొంటే మామూలుగా 5 శాతం జీఎస్టీ పడుతుంది. కట్టడం పూర్తయిందని అధికారులిచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. స్థలంలో మీ వాటా ఎన్ని గజాలో కూడా ఒప్పందంలో రాయించుకోండి, నోటిమాట వద్దు.