ట్యూబాకు మౌత్‌పీస్ కొనేముందు చూసుకోవాల్సినవి

తిరుపతిలో పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపే ఈ పని ముగించండి. ముహూర్తం ముందురోజు కొత్త మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే ముక్క) పెట్టుకుంటే పెదవులు మాట వినవు, టెన్షన్ తప్పదు.

ట్యూబా అంటే బ్యాండులో మంద్ర స్వరాలు పలికే పెద్ద ఇత్తడి బాకా. బరువైనా సరే, దాన్ని ఆటోలో పెట్టుకుని షాపుకు తీసుకెళ్లండి. అసలు చిక్కంతా మౌత్‌పీస్ కాడ దగ్గరే, అంటే ట్యూబా గొట్టంలోకి దూరే భాగం దగ్గరే. అమెరికన్ కాడ చివర వెడల్పు సుమారు 13 మిల్లీమీటర్లు, యూరోపియన్ కాడ సుమారు 14. కంటికి రెండూ ఒకటే. మెల్లగా దూర్చి, కొంచెం తిప్పి, అటూఇటూ కదిపి చూడండి. టకటకమని ఆడితే తీసుకోవద్దు. దాదాపు రెండున్నర సెంటీమీటర్లు లోపలికి పోవాలి. అంచులోనే ఆగిపోయినా, మరీ లోతుకు దిగినా శ్రుతి చెడుతుంది. నేను ఒకసారి కొలత చూడకుండా కొన్నాను, ఊరేగింపు పొడుగునా గాలి కారుతూనే ఉంది.

అరచేత్తో కొట్టి బిగించకండి, ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే పటకారు వద్దు, పుల్లర్‌తోనే (మౌత్‌పీస్‌ను బయటికి లాగే పనిముట్టు) తీయించండి.

పెదవులు ఆనే కప్పు వెడల్పు సాధారణంగా 31 నుంచి 33 మిల్లీమీటర్లు. గరాటులా లోతుగా ఉంటే నాదం నిండుగా, గంభీరంగా వస్తుంది. లోతు తక్కువైతే పై స్వరాలు సులువు. పెద్ద బీ-ఫ్లాట్ ట్యూబాకు నప్పింది చిన్న ఎఫ్ ట్యూబాకూ నప్పుతుందనుకోకండి.

పాతది కొంటుంటే అంచు చుట్టూ గోరుతో రాసి చూడండి. గోరు తగులుకుంటే సొట్ట ఉన్నట్టే. వెండి పూత పోయి ఇత్తడి బయటపడితే కొందరికి పెదవి దురద పెడుతుంది. సబ్బునీళ్లతో కడిగాకే నోట పెట్టండి.

కనీసం పావుగంట వాయించండి. కింది స్వరాలు నిలబడుతున్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది.