బాలిలో రెండు నెలలు: బయల్దేరే ముందు

నెల్లూరులో చెన్నై ఎయిర్‌పోర్టు కారెక్కకముందే ఇవి చూసుకోండి.

– పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువుండాలి. అక్కడ దిగాక ఇచ్చే వీసా 30 రోజులకే, ఒక్కసారి మాత్రం ఇంకో 30 పొడిగిస్తారు. దాటితే రోజుకు 10 లక్షల రుపియా (మన రూపాయి కాదు, ఇండోనేషియా కరెన్సీ) జరిమానా.

– మన సిమ్‌కు రోమింగ్ ఇక్కడే ఆన్ చేయించండి. బ్యాంకు ఓటీపీ రాకపోతే డబ్బులుండీ పస్తే. రీచార్జ్ తిరిగొచ్చేదాకా ఉండాలి.

– గదికి రెండు నెలల అద్దె ముందే కట్టేయొద్దు. నాలుగు రోజులుండి, కుళాయి తిప్పి, ఫ్యాను వేసి చూశాకే నెలకు బేరమాడండి.

– డెంగీ దోమ పగలే కుడుతుంది. ఒంటికి రాసుకునే క్రీమ్ మరవొద్దు.

– స్కూటరా? లైసెన్స్ సరిగా లేకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ మీద ఆశ వదులుకోండి.

– గోంగూర పచ్చడి చెకిన్ బ్యాగులోనే. మూతకు టేపు, పైన రెండు కవర్లు. మా అమ్మ ఒక్క కవరే చుట్టింది, చొక్కాలన్నీ నూనె!